రెగె పెద్దాయన టూట్స్ హిబ్బర్ట్
(సంగీతాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఆ, చెయ్యూపుతున్నారు, సంతోషం. పాటలు వేసేటప్పుడు సౌండ్ కాస్త పెంచమని ముందే చెప్పి ఉంచాను. చెవులు మూసుకోకండి.

జమైకా దీవి సంగీతం రెగె మీద మాట్లాడతానని ఒప్పుకోగానే మన నిర్వాహకులు పోస్టర్ వేశారు. దాని మీద బాబ్ మార్లే బొమ్మ! (నవ్వులు) వాళ్ళని అనడానికేం లేదు లెండి. రెగె అనగానే మనకు గుర్తొచ్చేది ఆ ఒక్క ముఖమే. జడలు కట్టిన జుట్టు, పొగ, ఎరుపు పసుపు ఆకుపచ్చ టోపీ. కోఠీ ఫుట్‌పాత్ మీద టీషర్టుల్లో ఆయనే, వైజాగ్ బీచ్ రోడ్డులోనూ ఆయనే. ఒక్క పాట వినని కుర్రాడు కూడా ఆ బొమ్మ వేసుకు తిరుగుతాడు. మార్లే గొప్పవాడు, దాంట్లో పేచీ లేదు. ఇవాళ మాత్రం వేరే మనిషి సంగతి చెప్పుకుందాం. మార్లే కంటే రెండేళ్ళు పెద్ద. అవే వీధుల్లో తిరిగాడు, అదే స్టూడియోలో పాడాడు, మార్లే పోయాక ఇంకో 39 ఏళ్ళు పాడుతూనే ఉన్నాడు. పేరు ఫ్రెడరిక్ నథానియల్ హిబ్బర్ట్. లోకమంతా టూట్స్ అని పిలిచింది. ఆయన బృందం పేరు మేటల్స్.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను, ఆ తర్వాత నచ్చితే ఉండండి, లేకపోతే టీకి వెళ్ళండి. రెగెలో తిరుగుబాటు ఉందని అందరూ అంటారు. ఉంది. పల్లెటూరి చర్చి కూడా అంతే ఉంది, నన్నడిగితే ఇంకాస్త ఎక్కువే ఉంది. ఆ సంగతి చెవికి తెలియాలంటే మార్లేని కాసేపు పక్కనపెట్టి టూట్స్‌ని వినాలి.

జమైకా చిన్న దీవి. 10,991 చదరపు కిలోమీటర్లు, మన ఉమ్మడి గుంటూరు జిల్లా కంటే కాస్త చిన్నది. రాజధాని కింగ్‌స్టన్‌కి పడమరగా క్లారెండన్ అనే ప్రాంతం ఉంది. చెరకు తోటల సీమ. అందులో మే పెన్ అనే ఊళ్ళో 1942 డిసెంబరు 8న టూట్స్ పుట్టాడు. ఏడుగురు సంతానంలో ఆఖరివాడు. అమ్మానాన్నలిద్దరూ సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘంలో వాక్యం చెప్పేవాళ్ళు. శనివారం ఆరాధన, చప్పట్లు, పాట. పిల్లవాడు అక్కడే పాడడం నేర్చుకున్నాడు. మైకు లేని చర్చిలో చివరి బెంచీ దాకా వినపడాలంటే ఎలా పాడాలి? కడుపులోంచి పాడాలి. ఆ పాఠం ఆయన డెబ్బై ఏడేళ్ళ దాకా మరిచిపోలేదు. తర్వాత ప్రపంచంలో ఎక్కడెక్కడ పాడినా, మైకు ఉన్నా లేనట్టే పాడాడు.

ఎనిమిదేళ్ళప్పుడు తల్లి పోయింది. ఇంకో మూడేళ్ళకి తండ్రీ పోయాడు. పదమూడేళ్ళు వచ్చేసరికి కుర్రాడు కింగ్‌స్టన్ చేరాడు. ట్రెంచ్ టౌన్ అనే పేదల పేట. మార్లే కథలో కూడా ఈ పేట పేరు వింటారు. అక్కడ ఒక సెలూన్లో పనికి కుదిరాడు. గడ్డాలు గీస్తూ, జుట్లు కత్తిరిస్తూ పాడుతుండేవాడు. ఆ పాట విని ఇద్దరు దగ్గరికొచ్చారు. ఒకరు రాలీ గోర్డన్, ఇంకొకరు జెర్రీ మథాయస్. 1960ల మొదట్లో ముగ్గురూ కలిసి మేటల్స్ అయ్యారు.

ఈ ముగ్గురి పద్ధతి చెప్పాలంటే మనకి బుర్రకథ ఉండనే ఉంది. మధ్యలో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. కథకుడు ఊపిరి తీసుకునేలోగా వంతలు అందుకుంటారు, ఆయన ఎగిరితే వాళ్ళు నేల మీద నిలబడతారు. టూట్స్ ఎంత కేక పెట్టినా, ఎన్ని మెలికలు తిప్పినా, రాలీ, జెర్రీ గొంతులు గోడలా వెనక నిలబడి ఉంటాయి. ఈ పాట వినండి.

(పాట వినిపించారు: సిక్స్ అండ్ సెవెన్ బుక్స్)

విన్నారా? వాళ్ళు చేస్తున్న పనల్లా బైబిల్లో మొదటి పుస్తకాల పేర్లు వరసగా చెప్పడం. ఆదికాండం, నిర్గమకాండం... అంతే. దాని మీద జనం గంతులేశారు! ఇందులో చిన్న కొంటెతనం కూడా ఉంది. మోషే పేరుతో ఉన్న కాండాలు ఐదే కదా. మోషే ఆరో ఏడో పుస్తకాలనే పేరుతో చలామణి అయినవి మంత్రతంత్రాల పుస్తకాలు. జమైకాలో చేతబడి చేసేవాళ్ళ దగ్గర ఉంటాయని జనం భయపడే సరుకు. ఆ పేరు పాటకు పెట్టి, లోపల ఆదివారం బడి పాఠం చెప్పాడు మహానుభావుడు. (నవ్వులు)

ఇది కాక్సన్ డాడ్ అనే నిర్మాత నడిపిన స్టూడియో వన్‌లో తీసిన పాట. వాద్యాలు స్కాటలైట్స్ వాళ్ళవి. ఆ రోజుల సంగీతం పేరు స్కా, పరుగుపెట్టే దరువు. మార్లే వాళ్ళ వెయిలర్స్ కూడా అప్పుడు అక్కడే పాడుతున్నారు. ఆ తర్వాత మేటల్స్ ప్రిన్స్ బస్టర్ అనే ఇంకో నిర్మాత దగ్గరికి వెళ్ళారు, అక్కణ్ణుంచి బైరన్ లీ అనే నిర్మాత దగ్గరికి. ఇంగ్లండులో వాళ్ళ రికార్డులు కొన్ని వైకింగ్స్ అనే వేరే పేరుతో కూడా వచ్చాయి. అప్పట్లో రాయల్టీలూ అవీ లేవండీ. పాట పాడితే చేతిలో కొన్ని పౌన్లు పెట్టి పంపేవాళ్ళు. తర్వాత ఆ రికార్డు ఎన్ని వేలు అమ్ముడైనా పాడినవాడికి సంబంధం లేదు. స్టూడియోలు మారడం వెనక ఉన్నది కళాతృష్ణ ఒక్కటే అనుకోకండి, ఆకలి కూడా ఉంది.

జమైకాకి 1962 ఆగస్టు 6న స్వాతంత్ర్యం వచ్చింది. 1966లో స్వాతంత్ర్యోత్సవాల్లో భాగంగా దేశమంతటికీ పాటల పోటీ మొదలుపెట్టారు. మొట్టమొదటి బహుమతి మేటల్స్‌కి, 'బామ్ బామ్' పాటకి. నేను ఎవరి జోలికీ పోను, నా జోలికొస్తే మాత్రం ఊరుకోను అనే భావం. ఇదే పల్లవిని 1982లో సిస్టర్ నాన్సీ తీసుకుని తన పద్ధతిలో పాడింది. ఇవాళ్టి కుర్రకారుకి బామ్ బామ్ అంటే ఆమె పాటే. మూలం ఈయనది.

దేశం మొత్తం మీద మొదటి బహుమతి. ఇంగ్లండు ప్రయాణానికి ఏర్పాట్లు జరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడు పోలీసులు పట్టుకున్నారు. గంజాయి కేసు. 18 నెలల శిక్ష.

ఇక్కడ చిన్న పక్కదారి పడతాను. ఆ దీవికి గంజాయి ఎలా వెళ్ళిందో తెలుసా? మనవాళ్ళే పట్టుకెళ్ళారు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి మనుషులు చాలక, బ్రిటిష్‌వాళ్ళు భారతదేశం నుంచి కూలీలను ఒప్పందం మీద ఓడలెక్కించారు. మొదటి ఓడ 1845 మే 10న ఓల్డ్ హార్బర్ అనే రేవుకి చేరింది. ఎక్కువమంది ఇవాళ్టి ఉత్తరప్రదేశ్, బీహార్ ప్రాంతాలవాళ్ళు. క్లారెండన్ తోటల్లోనూ పనిచేశారు. వాళ్ళతో పాటు ఆ మొక్కా వెళ్ళింది, పేరూ వెళ్ళింది, చిలుము కూడా వెళ్ళింది. అక్కడివాళ్ళు ఇప్పటికీ గంజా అనే అంటారు. మన తాతల కాలంలో ఓడెక్కిన మొక్క ఈ పాటగాణ్ణి జైల్లో పెట్టించిందన్నమాట. సరే, మన దారికి వద్దాం.

తాను ఏ తప్పూ చేయలేదని, ఇంగ్లండు వెళ్ళకుండా ఎవరో ఇరికించారని టూట్స్ చివరిదాకా చెప్పేవాడు. నిజానిజాలు ఎలా ఉన్నా, పోయింది మాత్రం కాలం. ఆ కాలంలో బయట ఏం జరిగిందో చూడండి. 1966కీ 1968కీ మధ్య స్కా పరుగు తగ్గింది, రాక్‌స్టెడీ అనే నిదానపు దరువు వచ్చింది. ప్రేమపాటలు, తియ్యటి గొంతులు. రెండేళ్ళలో అది కూడా వెనకబడుతోంది. అంటే ఒక సంగీత యుగం పుట్టి, పెరిగి, సర్దుకుంటుండగా ఈ మనిషి చాలాభాగం గోడల వెనకే ఉన్నాడు. ఇంకొకడైతే బయటికొచ్చేసరికి పాతబడిపోయేవాడు. ఈయన వచ్చి ఏం పాడాడో వినండి.

(పాట వినిపించారు: 54-46 దట్స్ మై నంబర్)

మొదటి మాటలే చేతులెత్తమనే పోలీసు సోదా. ఆపైన ఖైదీ నంబరు. ఆ 54-46 అసలు నంబరేం కాదు, తాను కల్పించిందేనని ఆయనే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. పాట మధ్యలో ఒక ఆట ఉంది, గమనించారా? ఒకసారి అంటాడు, బ్యాండ్ ఒక్క దెబ్బ కొడుతుంది. రెండుసార్లు అంటాడు, రెండు దెబ్బలు. మూడు, నాలుగు... వేదిక మీదైతే ఈ ఆట సాగుతూనే ఉండేది, జనం కూడా లెక్క అరిచేవాళ్ళు. జైల్లో లెక్కించేది వార్డరు. ఇక్కడ లెక్క చెప్పేది ఖైదీ, దెబ్బ తప్పకుండా వేసేది వాళ్ళందరూ. ఇది నా వ్యాఖ్యానం, టూట్స్ ఎక్కడా ఇలా అన్లేదు. కానీ పాటంతటిలో ఏడుపు ఎక్కడైనా దొరికిందా మీకు? జైలు మీద రాసిన పాటకి పెళ్ళి ఊరేగింపులా గంతులేస్తున్నాం!

ఇంతకీ ఈ దరువు సంగతేమిటి? నాతోపాటు చెయ్యండి. నాలుగు లెక్కపెట్టండి: ఒకటి, రెండు, మూడు, నాలుగు. మన కచేరీ చెవి ఒకటి దగ్గర దెబ్బ కోరుకుంటుంది, సమం కదా. రెగెలో గిటారు రెండు మీద, నాలుగు మీద చక్‌మని కోస్తుంది. ఇప్పుడు చప్పట్లు రెండూ నాలుగూ మీదే కొట్టండి... లేదు లేదు, అయ్యా మూడో వరసలో మీరు ఒకటి మీద కొడుతున్నారు. (నవ్వులు) ఆ, ఇప్పుడు వచ్చింది. ఇక పెద్ద డ్రమ్ము, చాలా రెగె పాటల్లో ఒకటి దగ్గర మోగదు, మూడు దగ్గర పడుతుంది. సమం దగ్గర ఖాళీ. ఆ ఖాళీలో బేస్ గిటారు తిరుగుతూ ఉంటుంది. నడక తెలిసినా మొదటి అడుగు ఎక్కడ పడిందో దొరకదు, అందుకే ఒళ్ళు ఊగుతుంది. మేటల్స్ మాత్రం ఈ నియమాన్ని మడికట్టుకుని పాటించలేదు. పాల్ డగ్లస్ డ్రమ్ములు, జాకీ జాక్సన్ బేసు, హక్స్ బ్రౌన్ గిటారు వినండి, చర్చిలో వేడి ఎక్కినప్పుడు ఎలా తోసుకొస్తుందో అలా తోస్తాయి.

జైలు తర్వాత కొన్నేళ్ళ పాటలు తీసింది లెస్లీ కాంగ్. చైనా మూలాలున్న జమైకా వ్యాపారి. ఆయనకి కింగ్‌స్టన్‌లో బెవర్లీస్ అనే ఐస్‌క్రీమ్ దుకాణం ఉండేది. కుర్రవాడైన జిమ్మీ క్లిఫ్ ఒకరోజు ఆ దుకాణం పేరు మీదే పాట కట్టి, లోపలికెళ్ళి పాడి, ఆయన్ని రికార్డుల వ్యాపారంలోకి దింపాడు. ఐస్‌క్రీమ్ కొట్టువాడు లేకపోతే రెగె చరిత్రలో సగం పేజీలు ఖాళీగా ఉండేవి. 1968లో మేటల్స్ 'డూ ద రెగె' అనే పాట చేశారు. ఈ కొత్త దరువు పేరు ఒక పాట శీర్షికలోకి ఎక్కడం అదే మొదలని చరిత్ర రాసేవాళ్ళు చెబుతారు. పేరు పెట్టిన ఘనత ఆయనకి కట్టబెట్టడం నాకు పెద్ద ఆసక్తిగా అనిపించదు. నాకు ఆసక్తి ఆ మరుసటి ఏడాది పాట మీద.

1969 పోటీలో మళ్ళీ మొదటి బహుమతి, 'స్వీట్ అండ్ డాండీ'. ఇది ఒక పల్లెటూరి పెళ్ళి పాట. రెగె పేరు చెబితే మనం బాబిలోన్, అంటే అణచివేసే రాజ్యం, కూలిపోవాలి, విప్లవం రావాలి అని చూస్తాం కదా. ఇక్కడ ఏముందో తెలుసా? ఒక గదిలో పెళ్ళికూతురు ఎట్టీ ఏడుస్తోంది. తల్లి కళ్ళు తుడుచుకోమంటోంది. ఇంకో గదిలో పెళ్ళికొడుకు జాన్సన్ తనలో తనే గొణుక్కుంటున్నాడు, అసలు ఈ పెళ్ళేమిటి అన్నట్టు. పెద్దలు ఇద్దరికీ ధైర్యం చెబుతున్నారు. బయట జనం ముస్తాబై గుమిగూడారు. కేకుకి ఒక పౌను పది షిల్లింగులు అయ్యాయి, సీసాలకొద్దీ కోలా వైన్ వచ్చింది, ఆ లెక్క కూడా పాటలో ఉంది. కేకు ధర పాటలో పెట్టే మనిషిని చూడండి! మన పెళ్ళిళ్ళలో భోజనానికి తలకెంత పడిందో వరండాలో కూర్చుని ఆరా తీసే మేనమామలు గుర్తొచ్చారా లేదా? పెళ్ళికూతురు ఏడుపు దగ్గర్నుంచి అన్నీ మనకు తెలిసినవే. రెండున్నర, మూడు నిమిషాల్లో ఊరంతా కనిపిస్తుంది. పేదవాళ్ళ ఇంట్లో ఖర్చుకు వెనకాడకుండా ఒక పూట దర్జాగా నిలబడడం, అదీ ఆ పాట. నినాదం ఒక్కటి లేదు. ఇందులో రాజకీయం లేదనేవాళ్ళతో నాకు తగువే.

ఈ పాటనే వాళ్ళు స్టూడియోలో పాడుతుండగా తీసిన దృశ్యం 1972లో వచ్చిన 'ద హార్డర్ దే కమ్' సినిమాలో ఉంది. జిమ్మీ క్లిఫ్ హీరో. జమైకా నుంచి ప్రపంచానికి రెగెను తీసుకెళ్ళింది ముందు ఈ సినిమానే. మార్లే పేరు బయట దేశాల్లో మోగింది ఆ తర్వాత. వీలైతే ఆ దృశ్యం చూడండి. టూట్స్ మొహంలో సినిమా కెమెరా ఉందన్న ధ్యాసే ఉండదు.

అదే సినిమాలో 'ప్రెషర్ డ్రాప్' కూడా ఉంది. గాలి ఒత్తిడి పడిపోతే తుఫాను వస్తుంది కదా, బంగాళాఖాతం పక్కన బతికే మనకి అది వేరే చెప్పాలా. తనకి అన్యాయం చేసినవాణ్ణి తాను ఏమీ చేయడట, ఒత్తిడి దానంతటదే వాడి మీద పడుతుందట. కక్ష తీర్చుకోవడమే, కాకపోతే కర్మకి అప్పజెప్పడం అని ఆయన ఇంటర్వ్యూల్లో వివరించాడు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఉసురు తగులుతుందంటారే, పాటంతా అదే మాట. మాటలు బొత్తిగా తక్కువ, ఒకే వాక్యం తిప్పి తిప్పి పాడతాడు. ప్రతి తిప్పుకీ బరువు పెరుగుతుంది. చర్చిలో పెరిగినవాడికి తప్ప ఈ విద్య రాదు.

1971లో లెస్లీ కాంగ్ గుండెపోటుతో హఠాత్తుగా పోయాడు. 1972లో 'పాంప్స్ అండ్ ప్రైడ్' పాటకి మూడోసారి పోటీ గెలిచారు. ఆ రోజుల్లోనే క్రిస్ బ్లాక్‌వెల్ నడిపే ఐలాండ్ రికార్డ్స్‌తో చేరారు, బృందం పేరు టూట్స్ అండ్ ద మేటల్స్ అయింది. ఇది నాకు కాస్త ఇబ్బందిగా ఉంటుందండీ. నిన్నటిదాకా ముగ్గురూ సమానం. ఇవాళ ఒకడి పేరు ముందుకొచ్చింది, మిగతా ఇద్దరూ 'అండ్' తర్వాత మిగిలారు. వ్యాపారానికి ఒక ముఖం కావాలి, అది అర్థమవుతుంది. 1980ల మొదట్లో రాలీ, జెర్రీ వెళ్ళిపోయారు, ఆ మూడు గొంతుల గోడ అక్కడితో పోయింది. తర్వాతి రికార్డుల్లో ఎంత మంచి వాద్యగాళ్ళున్నా నాకు ఆ లోటు తెలుస్తూనే ఉంటుంది.

ఐలాండ్ రోజుల్లో వచ్చిన 'ఫంకీ కింగ్‌స్టన్' ఆల్బమ్ మాత్రం వదలకండి. అందులో ఒక తమాషా. అమెరికాలో అందరికీ తెలిసిన 'టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్' పాట ఉంది కదా, వెస్ట్ వర్జీనియా కొండలు తలుచుకునే పాట. టూట్స్ దాన్ని అందుకుని వెస్ట్ వర్జీనియా తీసేసి వెస్ట్ జమైకా అని పెట్టాడు. అంతే, పాట క్లారెండన్ మట్టిరోడ్డు ఎక్కేసింది. అనుకరణ అనిపించదు. ఈ పాట ఇక్కడిదే, ఎవరో కొన్నాళ్ళు అమెరికా పట్టుకెళ్ళారు అనిపిస్తుంది.

ఇలాంటి మనిషి మార్లే అంతటివాడు ఎందుకు కాలేదు? ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే దీవి. 1975లో ఇంగ్లండు బృందం ద హూ అమెరికా యాత్రలో వీళ్ళే ముందు పాడారు. అవకాశాలు రాకపోలేదు. నాకు తోచింది చెబుతాను, ఒప్పుకోనక్కర్లేదు. బ్లాక్‌వెల్ మార్లేని రాక్ సంగీతం వినే తెల్ల కుర్రకారు ముందు తిరుగుబాటు నాయకుడిగా నిలబెట్టాడు. మార్లేకి ఆ మాటా ఉంది, ఆ రూపమూ ఉంది. టూట్స్‌ది సోల్ గాయకుడి గొంతు. సోల్ అంటే చర్చి పాటలోంచి పుట్టిన అమెరికా నల్లవాళ్ళ సంగీతం, అందులో పేరున్న ఓటిస్ రెడింగ్ వరస. ఒక గోడకి అంటించుకునే బొమ్మ కాడు. పాడుతున్నప్పుడు చూడాలి, ఆగిపోతే ఏమీ లేదు. ఫొటోలో చెమట పట్టదు కదా! అందుకే టీషర్టు మీదికి రాలేదు.

కానీ ఇంగ్లండులో కుర్రాళ్ళు పట్టుకున్నారు. 1970లోనే 'మంకీ మ్యాన్' అక్కడి చార్టులోకి ఎక్కింది. పదేళ్ళు తిరిగేసరికి పంక్ అనే గరుకు రాక్ వాయించే కుర్రాళ్ళు, దాన్ని స్కాతో కలిపిన టూ టోన్ కుర్రాళ్ళు ఈయన పాటల మీద పడ్డారు. ద స్పెషల్స్ మంకీ మ్యాన్ పాడారు, ద క్లాష్ ప్రెషర్ డ్రాప్ పాడారు. చాలా ఏళ్ళ తర్వాత ఇంగ్లండు గాయని ఎమీ వైన్‌హౌస్ కూడా మంకీ మ్యాన్ పాడింది. 1980 సెప్టెంబరు 29న లండన్ హామర్‌స్మిత్ పాలేలో కచేరీ చేశారు. అది రికార్డు చేసి, ప్లాస్టిక్ మీద అచ్చొత్తి, అట్ట వేసి 24 గంటల్లో అమ్మకానికి పెట్టారు. ఇవాళ ఫోన్లో తీసి నిమిషంలో ఎక్కించేస్తాం, వింత అనిపించదు. అప్పుడు టేపు కోసి, మూసలు పోసి, రాత్రంతా ప్రెస్సు నడిపి, వ్యాన్లలో తోలుకెళ్ళాలి. అంతా అయ్యాక విన్నా ఆ రికార్డులో తొందర తెలియదు, జనం ఊపిరి తెలుస్తుంది. టూట్స్‌ని రికార్డుగా ఒక్కటే కొనుక్కోవాలంటే నేనిదే కొంటాను.

ఆ తర్వాతి ఏళ్ళు త్వరగా దాటేస్తాను. 1988లో అమెరికా మెంఫిస్ వెళ్ళి, పాత సోల్ పాటలు స్లై అండ్ రాబీ అనే జమైకా డ్రమ్ము-బేసు జంట దరువు మీద పాడి 'టూట్స్ ఇన్ మెంఫిస్' తెచ్చాడు. బాగుంటుంది, నాకైతే ప్రాణం. 2004లో 'ట్రూ లవ్', పాత పాటలనే ఎరిక్ క్లాప్టన్, విల్లీ నెల్సన్, బోనీ రైట్, కీత్ రిచర్డ్స్ లాంటివాళ్ళతో కలిసి పాడిన ఆల్బమ్. దానికే 2005లో గ్రామీ ఇచ్చారు. ఇలాంటి అవార్డుల పద్ధతి మనకి తెలిసిందే. నలభై ఏళ్ళ కిందటి పాటకి గౌరవం రావాలంటే పక్కన నలుగురు పెద్దపేర్లు నిలబడాలి. 2012లో ఆయన దేశం ఆర్డర్ ఆఫ్ జమైకా ఇచ్చింది.

2013 మే నెల దగ్గర ఆగుదాం. అమెరికా వర్జీనియాలో రిచ్‌మండ్ నగరం, నది ఒడ్డున ఉత్సవం. టూట్స్‌కి డెబ్బై ఏళ్ళు. పాట మధ్యలో జనంలోంచి ఎవరో వోడ్కా సీసా విసిరారు. పెద్ద సీసా, 1.75 లీటర్లది. తలకి తగిలింది. కుట్లు పడ్డాయి, కచేరీలన్నీ రద్దయ్యాయి. విసిరినవాడికి పందొమ్మిదేళ్ళు.

కేసు విచారణకు వచ్చినప్పుడు టూట్స్ జడ్జికి ఉత్తరం రాశాడు. అందులో తన బాధ దాచలేదు. తలనొప్పులు, కళ్ళు తిరగడం, పాటల మాటలు మరిచిపోవడం, జనాన్ని చూస్తే భయం, అన్నీ రాశాడు. యాభై ఏళ్ళు జనం మీదే బతికిన మనిషికి జనమంటే భయం పట్టుకుంది, ఆలోచించండి. అవన్నీ రాసి, ఈ కుర్రాడు చిన్నవాడు, జైల్లో చిన్నవాళ్ళకి ఏం జరుగుతుందో విన్నాను, వీడికి ఆ గతి పట్టిందని తెలిస్తే నా బాధ ఇంకా పెరుగుతుంది అని వేడుకున్నాడు. జడ్జి ఆరు నెలలు వేశాడు. ఇరవైల్లో ఉండగా జైలుకెళ్ళి, దాని మీద గంతులేసే పాట కట్టినవాడు, జైలు గురించి లోపల నిజంగా ఏమనుకున్నాడో నాకు ఈ ఉత్తరం చూశాకే తెలిసింది.

మూడేళ్ళు వేదికెక్కలేదు. 2016లో తిరిగొచ్చాడు. 2020లో రెండు పనులు చేశాడు. ఒకటి, పదేళ్ళ పైన గ్యాపు తర్వాత కొత్త ఆల్బమ్, 'గాట్ టు బి టఫ్'. ఆగస్టు 28న వచ్చింది. రెండోది నాకు ఇంకా ఇష్టం. ఆ ఏడాది జమైకా పాటల పోటీకి తన పాట పట్టుకుని వెళ్ళాడు. 1966లో మొట్టమొదటి బహుమతి కొట్టిన పోటీ అదే. డెబ్బై ఏడేళ్ళ వయసు, మూడుసార్లు గెలిచిన చరిత్ర, దేశ పురస్కారం, అన్నీ ఉన్న మనిషిని న్యాయనిర్ణేత కుర్చీలో కూర్చోబెట్టాలి కదా? ఆయన పోటీదారుల వరసలో నిలబడ్డాడు. గెలవలేదు కూడా. ఆ ఏడాది బుజు బాంటన్ అనే జమైకా గాయకుడు గెలిచాడు. అయితే ఏం?

ఆగస్టు చివర్లో ఆసుపత్రిలో చేరాడు. కోవిడ్ రోజులు. సెప్టెంబరు 11న కింగ్‌స్టన్‌లో కన్నుమూశాడు. ఆ చివరి ఆల్బమ్‌కి మరుసటి ఏడాది మార్చిలో గ్రామీ వచ్చింది.

ప్రశ్నలుంటే అడగండి, టైము ఇంకా ఉంది.

ప్రశ్న: సార్, మార్లే పాటల్లో ఉన్న ఆలోచన టూట్స్‌లో కనపడదు కదా. వినోదమేనా?

మంచి ప్రశ్న. మార్లే పాట సాహిత్యాన్ని కాగితం మీద చదివినా సగం అందుతుంది. టూట్స్ సాహిత్యం కాగితం మీద చదివితే నాలుగు మాటలే కనిపిస్తాయి. అందుకని పత్రికలవాళ్ళకి, ప్రొఫెసర్లకి మార్లే మీద రాయడం సులువు. పెళ్ళి కేకు ధర, ఖైదీ నంబరు, ఉసురు, ఇవన్నీ ఆలోచనలు కావంటే నేనొప్పుకోను. వినోదం అంటారా, ఉంది. దానికి ఆయన ఎప్పుడూ సిగ్గుపడలేదు.

ప్రశ్న: అన్నా, కొత్తగా వినేవాళ్ళు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

స్వీట్ అండ్ డాండీతో మొదలుపెట్టు తమ్ముడూ. తర్వాత ప్రెషర్ డ్రాప్, ఆ పైన 54-46, అది మాత్రం లండన్ కచేరీలోది విను. చర్చి గొంతు కావాలంటే వెనక్కి వెళ్ళి 1960ల స్టూడియో వన్ పాటలు. ఫోన్ స్పీకర్లో వద్దు, బేసు సగం పోతుంది. అరువు తెచ్చుకునైనా ఒక మంచి హెడ్‌ఫోన్ పెట్టుకో. చప్పట్లు మాత్రం రెండూ నాలుగూ మీదే. (నవ్వులు)